చిత్తం అనని శుక్రవారం

మా ప్రార్థన మందిరానికి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి ఆదివారమే ఒకచోట తికమకపడతారు. పరలోక ప్రార్థన అందరం కలిసి చెబుతుంటాం. అది ఏ ఊళ్ళోనైనా ఒకటే కాబట్టి వాళ్ళూ కళ్ళు మూసుకుని ధీమాగా చెప్పుకుంటూ వస్తారు. "నీ చిత్తము" అనే మాట దగ్గరికి వచ్చేసరికి మావాళ్ళంతా టక్కున ఆగి, గొంతు తగ్గించి, "చిత్తం" అంటారు. అన్నాక మళ్ళీ మామూలుగా ముందుకు పోతారు. కొత్తవాళ్ళు ఈలోగా ఒక మాట ముందుకు వెళ్ళిపోయి, నాలుక కరుచుకుని, కళ్ళు తెరిచి చుట్టూ చూస్తారు. మరీ చదువుకున్నవాళ్ళయితే బయటికి వచ్చాక, ఇది మీ సంఘం పాత ఆచారమా అని అడుగుతారు. ఆచారమూ లేదు, పాడూ లేదు. అది మా అత్త పొరపాటు. ఒక మనిషి నోరు జారితే ఊరంతా జారింది, అంతే.

మా అత్త పుట్టింది సముద్రం ఒడ్డున కాదు. పైన, మాగాణి ఊళ్ళలో. అక్కడ వాళ్ళ ఇంటిల్లిపాదీ ఒకే ఆసామి పొలంలో పనిచేసేవాళ్ళు. ఆయన్ని దొరా అని పిలిచేవాళ్ళు. దొర వాకిట్లో నిలబడి ఏం చెప్పినా జవాబు ఒకటే. చేతులు కట్టుకుని, తల వంచి, చిత్తం. నారు పీకండి అంటే చిత్తం. ఇవాళ ఇంటికి పోవద్దు, కల్లంలోనే ఉండండి అంటే చిత్తం. ఈ ఏడు గింజలు తక్కువే ఇస్తాం అన్నా చిత్తమే. మీరు చెప్పినట్టే, మీ ఇష్టం ప్రకారమే అని దానర్థం. నాకు ఇష్టం లేదు అనే మాట ఆ వాకిట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. మామ చనిపోయాక అత్త చంకలో పిల్లవాణ్ణి వేసుకుని, ఎండుచేపల పని చేసే తన అన్న దగ్గరికి, ఈ బోగోలు వైపు ఒడ్డుకు వచ్చేసింది. ఆ పిల్లవాడే నా మొగుడు.

ఇక్కడ పక్కింటావిడ ఆమెను ప్రార్థనకు తీసుకెళ్ళింది. అప్పటికి మందిరం తాటాకుల పాక. అత్తకు చదువు రాదు, ప్రార్థన తెలియదు, ఎక్కడ కూర్చోవాలో కూడా తెలియక ఒక గుంజకు ఆనుకుని నిలబడిందట. అందరూ ఒక్క గొంతుతో ఏదో చెబుతున్నారు. అందులోంచి "నీ చిత్తము" అన్న మాట చెవిన పడింది. ఎవరో ఏదో పని చెప్పారనుకుంది. అలవాటైన ప్రాణం కదా, చేతులు కట్టుకుని గట్టిగా "చిత్తం" అనేసింది. పాకంతా గొల్లున నవ్వింది. అప్పటి అయ్యగారు, ఇప్పుడు లేరు, ప్రార్థన అయ్యాక ఆమెను దగ్గరికి పిలిచి, అమ్మా, అది నీకు చెప్పిన మాట కాదు, మనమందరం దేవుడికి చెప్పే మాట, దానికి నువ్వు జవాబు చెప్పక్కర్లేదు అని ఓపిగ్గా వివరించారు. అత్త అంతా విని, "చిత్తం" అంది. ఆయన చేతులెత్తేశారు.

ఆ తర్వాత వారమూ అంది, ఆ పై వారమూ అంది. మొదట్లో ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్ళు ఆటపట్టించడానికి ఆమెతో పాటు అనేవాళ్ళు. తర్వాత వాళ్ళకు తెలియకుండానే నోటికి వచ్చేసింది. పిల్లలు అలాగే నేర్చుకున్నారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, మీసాలొచ్చి, పడవలెక్కారు. పాక పోయి రేకుల షెడ్డు వచ్చింది, షెడ్డు పోయి శ్లాబు వచ్చింది. ఆ మాట మాత్రం పోలేదు.

నేను కావలి పిల్లను. మా నాన్న రైలు పట్టాల మీద పనిచేసేవాడు. ఆయనదీ మాగాణి ఊరే. ఆ మాట అనడం ఇష్టం లేకే ఊరొదిలి వచ్చానని చెప్పేవాడు. మా ఇంట్లో ఎవరైనా సరదాకు చిత్తం అన్నా ఆయనకు ఒళ్ళు మండేది. "మీ తాత పడుకున్నా మెడ వంగే ఉండేది" అనేవాడు. ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడ నిటారుగా పెట్టుకుని మందిరానికి నడిచేవాడు. అలాంటి ఇంట్లో పెరిగి, పెళ్ళై ఈ ఊరికి వచ్చి, మొదటి ఆదివారమే మందిరమంతా చేతులు కట్టుకుని ఆ మాట అనడం విన్నాను. నాకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. నోరు బిగించుకుని కూర్చున్నాను. చివర్లో ఆమెన్ మాత్రం అందరికంటే గట్టిగా అన్నాను.

అత్త కళ్ళు మూసుకునే ఉంది కానీ ఆమె చెవులకు కునుకు లేదు. ఇంటికి వస్తూ దారిలోనే అడిగింది.

"నువ్వు అన్లేదేందమ్మే?"

"నేను అనను అత్తా. మన దేవుడు దొర కాదు."

"దొర అని ఎవురన్నారు?"

"నువ్వే అంటున్నావు, చేతులు కట్టుకుని మరీ."

ఆమె ఆగి తన చేతుల వంక కాసేపు చూసుకుంది. "మరి చేతులు యాడ పెట్టుకోమంటావు?" అంది. నిజంగానే అడిగింది, వెటకారం కాదు. కొత్త కోడలిని కాబట్టి నవ్వు ఆపుకున్నాను.

ఆ తర్వాత ఎన్నేళ్ళు కొట్లాడుకున్నామో. ఎండబెట్టిన చేపల మీద వాన పడితే అత్త పరదా పట్ట లాగుతూ "చిత్తం" అనేది. వలలో రాళ్ళూ నాచూ తప్ప ఏమీ రాని రోజు "చిత్తం" అనేది. నేను మిషను తొక్కుతూ ఉడికిపోయేదాన్ని. నేను జాకెట్లు కుడతాను, ఇప్పటికీ కుడుతున్నాను. ఒకసారి రాత్రిపూట కరెంటు పోయి, రేపటికి ఇవ్వాల్సిన పెళ్ళి జాకెట్లు గుట్ట పడి ఉంటే, ఆమె చాప మీద కూర్చుని ఆ మాట అననే అంది. నాకు తిక్క రేగింది. "కరెంటు దేవుడు తీయలేదత్తా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది" అన్నాను. ఆమె విసనకర్ర ఊపుకుంటూ, "సరేలే, ట్రాన్స్‌ఫార్మర్ చిత్తం" అంది. నా మొగుడు గడప మీద కూర్చుని నవ్వలేక చచ్చాడు. ఆయన ఎప్పుడూ అంతే, మా ఇద్దరి మధ్యకు రాడు. మందిరంలో కూడా ద్వారం దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంటాడు. ఆ మాట అంటాడో అనడో నేను ఎప్పుడూ గమనించలేదు.

కానీ ఒక్క వేళలో నేను కొట్లాడేదాన్ని కాదు. పడవ వేటకు పోయే వేళ.

చలికాలం పొద్దుల్లో మా ఒడ్డున నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత ఉండదు. మంచు సరుగుడు తోపులోంచి మెల్లగా దిగి ఇసుక మీద పరుచుకుంటుంది. మన పక్కన నడిచే మనిషి గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. అత్తా నేనూ వెళ్ళి తడి ఇసుక మీద నిలబడేవాళ్ళం. వాళ్ళు పడవను తోసేవాళ్ళు, ఇంజను దగ్గి దగ్గి అందుకునేది, పడవ ఆ తెల్లదనంలోకి వెళ్ళి లేకుండా పోయేది. చప్పుడు మాత్రం ఇంకా కాసేపు ఉండేది. తర్వాత అదీ సన్నగిల్లి, ఉన్నదో లేదో తెలియని చోటికి వచ్చేది. సరిగ్గా అప్పుడు అత్త పెదాలు కదిపేది. ఆ మాట వాకిట్లో దొరకు చెప్పినట్టు ఉండేది కాదు. నిద్రపోబోయే పిల్ల తల్లితో ఏదో గొణిగినట్టు ఉండేది. నాకు అక్కడ ఎవరో ఉన్నట్టు, మా ఇద్దరి వెనకే నిలబడి ఆ పడవ వైపే చూస్తున్నట్టు అనిపించేది. వెనక్కి తిరిగి చూడాలంటే సిగ్గేసేది. ఎండ వచ్చాక మంచు విడిపోయి, ఒడ్డు మీద కుక్కలూ కాకులూ చేపల బుట్టలూ బయటపడేవి. నేను మళ్ళీ మామూలు మనిషినై ఇంటికి వచ్చి మిషను మీద కూర్చునేదాన్ని.

వానలు వెనకబట్టిన కాలంలో ఒకనాడు అలాగే పంపించాం. ఆకాశం నిర్మలంగా ఉంది. పడవలో నా మొగుడు కాక ఇంకో ముగ్గురు. వాళ్ళు వెళ్ళాక వాయుగుండమని ఫోన్లలో మెసేజీలు వచ్చాయి, మైకులో చాటించారు. లోపల ఉన్న పడవలన్నీ ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. మాది రాలేదు. చివరగా చూసినవాళ్ళు, ఇంజను ఆగిపోయి బాగుచేసుకుంటుంటే చూశామని, వెంటనే గాలి తిరిగిందని, తర్వాత కనపడలేదని చెప్పారు. అధికారులకు చెప్పాం, పెద్ద బోటు పంపి వెతికించారు. గాలి తగ్గింది. సముద్రం ఏమీ ఎరగనట్టు నున్నగా పడుకుంది. పడవ జాడ లేదు.

ఆ రోజుల్లో నేను నడిచాను కానీ నా కాళ్ళతో కాదు. మా పిల్లలిద్దరూ కావలిలో హాస్టల్లో ఉన్నారు, వాళ్ళకు చెప్పొద్దని అందరికీ చెప్పాను. అన్నం వండితే నలుగురు తినేంత అయ్యేది, తినేది ఎవరూ లేరు. జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ అలాగే కుట్టాను. మిట్టమధ్యాహ్నం ఎండలో వాకిట్లో ఆయన చెప్పుల చప్పుడు స్పష్టంగా వినిపించేది. లేచి వెళితే వాకిలి ఖాళీగా, తెల్లగా ఉండేది. దండెం మీద ఆయన లుంగీ గాలికి నిండి ఖాళీ అవుతుంటే దాన్నే చూస్తూ ఎంతసేపు నిలబడేదాన్నో నాకు తెలియదు. భయం అంటే గుండె దడదడ కొట్టుకోవడం అనుకునేదాన్ని. కాదు. అంతా మెత్తగా, దూరంగా, నీళ్ళలోంచి చూసినట్టు అయిపోవడం. అత్త ఒడ్డున కూర్చునేది. ఎండకు కదిలేది కాదు, పిలిస్తే పలికేది కాదు. ఆమె ఒక్కసారీ ఆ మాట అనలేదని ఆ మెత్తదనంలో నాకు తట్టనే లేదు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. పగటి పూట ఎప్పుడూ పది మంది రారు, ఆ రోజు మందిరం నిండిపోయింది. మిగతా ముగ్గురి ఇళ్ళలో గంగమ్మకు మొక్కుకున్నారు. వాళ్ళ ఆడవాళ్ళు అది తీర్చుకుని వచ్చి మా మందిరం మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఎవరు వింటారో తెలియనప్పుడు అన్ని తలుపులూ తడతాం కదా. ఇప్పటి అయ్యగారు నా మొగుడికంటే చిన్నవాడు. ఆయన గొంతు మొదటి నుంచీ తడబడుతూనే ఉంది. పాటలు పాడలేకపోయాం. పరలోక ప్రార్థన చెప్పుకుందాం అన్నారు.

అందరం మొదలుపెట్టాం. "నీ చిత్తము" దాకా వచ్చి ఆగాం.

ఎప్పుడూ ముందు అత్త గొంతు లేస్తుంది. దాని వెనక అందరివీ లేస్తాయి. ఆ రోజు అది లేవలేదు. అందరం ఎదురుచూశాం. కిటికీలోంచి సముద్రం వినిపిస్తోంది. ఒక అల వచ్చి, విరిగి, వెనక్కి పోయేదాకా విన్నాం. ఇంకొకటి విన్నాం. నేను కళ్ళు తెరిచాను. అత్త పెదాలు బిగించి, కళ్ళు తెరిచి, ఎదురుగా గోడకున్న శిలువ వంక చూస్తోంది. చేతులు కట్టుకోలేదు. ఒడిలో పడేసుకుంది. ఆమె అనకపోతే ఇంకెవరికీ నోరు రాలేదు. మెట్ల మీది ఆడవాళ్ళు కూడా ఏమైందా అని లోపలికి తొంగి చూశారు. చివరికి అయ్యగారే తర్వాతి మాట అందుకుని, ఒక్కరే, నెమ్మదిగా పూర్తి చేశారు.

తర్వాత ఆయన వచ్చి ఆమె ఎదుట చాప మీద కూర్చున్నారు.

"అమ్మా, ఆయన చిత్తానికి అప్పగించుకుందాం. అప్పుడే మనకు నెమ్మది."

"అప్పగించను అయ్యగారూ" అంది అత్త.

ఆమె గొంతు పెంచలేదు. ఎండుచేపల ధర చెప్పినట్టు చెప్పుకుంటూ పోయింది.

"నా పెళ్ళైన కొత్తలో మా ఇంటాయనకు జొరం. ఒళ్ళు కాలిపోతా ఉండాది. వానకు కాలవ గట్టు తెగిందని దొర కబురు పెట్టినాడు. మనిషికి బాగలేదు దొరా, పంపను అని చెప్దామని నేనే పోయినా. వాకిట్లో నిలబడినా. మాట గొంతు దాకా వచ్చింది. నోరు తెరిస్తే చిత్తం అనే వచ్చింది. ఆయన పోయి నీళ్ళలో నిలబడి గట్టు ఏసినాడు. ఆ దగ్గు మళ్ళా పోలేదు. దాంతోనే పోయినాడు."

నేను ఇన్నేళ్ళూ ఆమెతో ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాను. మామ దగ్గుతో పోయాడని తెలుసు. ఆ గట్టు సంగతి ఆ రోజే విన్నాను.

"ఆడ కాదంటే ఇల్లు పీకిస్తారు. ఈయన పీకించడు" అంటూ అత్త శిలువ వైపు గడ్డంతో చూపించింది. "ఈయన కాడ కాదనొచ్చు. అది తెలిసే ఇన్నేళ్ళూ చిత్తమన్నా అయ్యగారూ. అనక తప్పనోడి కాడ అంటే అదేం చిత్తం? నాకు ఇష్టమై అన్నా. ఇప్పుడు ఇష్టం లేదు. నా కొడుకును ఇయ్యను. ఆ మాట ఆయనకే చెప్తా ఉండా, చాటున కాదు, ఆయన ఇంట్లోనే కూచుని."

అయ్యగారు తల ఊపి, "సరేనమ్మా. నువ్వు అట్నే అడుగు. మేమంతా నీతో కూర్చుంటాం" అన్నారు. అలాగే కూర్చున్నారు. పొద్దు వాలేదాకా ఎవరూ లేవలేదు. ఎవరో ఒకరు చిన్నగా ఏదో గొణుగుతున్నారు, అది ఆగితే అలల చప్పుడు, అలలు ఆగినట్టనిపిస్తే గొణుగుడు. ఆ రెంటికీ తేడా తెలియని చోటికి నేను వెళ్ళిపోయాను. కూర్చునే కల కన్నానేమో. మంచులోకి పోయిన పడవ చప్పుడు వెనక్కి వస్తున్నట్టు, దాని వెంట ఎవరో నీళ్ళ మీద తాపీగా నడుస్తున్నట్టు అనిపించింది. ముఖం తెలియలేదు.

ఇంటికి వస్తుంటే ఆ కల విడిపోయి భయం పట్టుకుంది. దొరను కాదంటే ఇల్లే పోతుంది. దేవుణ్ణి కాదంటే ఏం పోతుందో. అలా అనుకున్నది, ఇన్నేళ్ళు మన దేవుడు దొర కాదని ఎగిరెగిరి పడిన నేనే.

"అత్తా, ఆయనకు కోపం తెప్పించబాక."

"వస్తే రానీ. నాకు రాలేదా?"

"అది కాదు..."

"నువ్వు వచ్చినకాడి నుంచి ఆ మాట అన్నదే లేదు. నీ మీద కోపం వచ్చిందా ఆయనకు?"

కాసేపు నడిచాక నా అంతట నేనే చెప్పాను. "ఇవాళ అన్నా."

"ఏమని?"

"చిత్తమని. మనసులో. మనిషిని తెచ్చిస్తే వారం వారం గట్టిగా అంటానని కూడా చెప్పినా."

అత్త నిలబడిపోయి నా వైపు తిరిగింది. "బేరం పెట్టినావా?" అంది. పడవ పోయిన రోజు నుంచి మొదటిసారి ఆమె పెదాలు నవ్వడానికన్నట్టు కదిలాయి. తర్వాత నా చెయ్యి పట్టుకుంది, ఇంటిదాకా వదల్లేదు. ఆమె అరచెయ్యి ఉప్పుకు గరుకుగా, వేడిగా ఉంది. నాకు ఆ ముసలామె మీద పట్టలేనంత ప్రేమ వచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

మర్నాడు పొద్దెక్కాక ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎవరో అరవంలో గడగడా మాట్లాడుతున్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "అన్నా, తెలుగులో చెప్పన్నా, తెలుగులో" అంటున్నాను. ఫోన్ చేతులు మారింది. ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"నేనే" అన్నాడు నా మొగుడు.

గాలి పడవను దక్షిణంగా లాక్కుపోయిందట. అరవ దేశపు పెద్ద బోటు వాళ్ళు చూసి, తాడు కట్టి, వాళ్ళ రేవుకు లాక్కుపోయారు. నలుగురూ బతికే ఉన్నారు. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఫోన్ అత్త చెవి దగ్గర పెట్టాను. ఆమె విని, "తిన్నావా నాయనా?" అంది. ఇంకేమీ అడగలేదు.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టించుకుని, రైలెక్కి కావలిలో దిగి, ఆటోలో వచ్చారు. ఊరంతా ఎదురెళ్ళింది. ఆయన ముఖం తోలు ఊడి, పెదాలు పగిలి, ఎవరో పెద్ద వయసు మనిషిలా ఉన్నాడు. అత్త ఏడవలేదు. వేడినీళ్ళు పోసింది, తల తుడిచింది, మెత్తగా పప్పన్నం కలిపి పళ్ళెం ముందు పెట్టింది. జనం వెళ్ళిపోయాక మేం ముగ్గురమే మిగిలాం. ఆయన నాలుగు ముద్దలు తిన్నాక చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళు అయిపోయిన సంగతి, ఇంజను ఎన్ని మాట్లు తాడు లాగినా పలకని సంగతి.

"ఒక పొద్దున గాలి ఆగిపోయిందమ్మా. చుట్టూ తెల్లగా, అంతా ఒకటే. పైదేదో కిందిదేదో తెలీదు. మావాళ్ళు ఏడస్తా ఉండారు. నాకెందుకో ఏడుపు రాలా. నీ గొంతు వినపడినట్టయింది. మందిరంలో అంటావే, అట్ట. నేనూ అనేసినా."

"ఏమనేసినావు?" అంది అత్త.

"చిత్తమని. అంతేలే, పోదాం పద అనుకున్నా. అన్నాక ఒళ్ళంతా తేలికైపోయింది. అదేందో, కమ్మగా నిద్ర పట్టింది. లేచేసరికి అరవోళ్ళ బోటు..."

మాట పూర్తి కాలేదు. అత్త అన్నం కలిపిన చేత్తోనే ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆమె కొడుకు మీద చెయ్యి ఎత్తగా నేను ఎన్నడూ చూడలేదు.

"ఎవుర్నడిగి అన్నావురా? నేనీడ ఇయ్యను ఇయ్యనని ఆయనతో కొట్లాడతా ఉంటే, నువ్వాడ చిత్తమంటావా? ఎవుర్నడిగి?"

ఇంకొకటి చరిచింది. ఆ చెయ్యి వీపు మీదే ఉండిపోయింది. అప్పుడు ఏడ్చింది. ఆ రోజులన్నిటిదీ కలిపి ఏడ్చింది. ఆయన ముద్ద పట్టుకుని, ఏం తప్పు చేశానో అర్థంకాని పిల్లవాడి ముఖంతో నా వైపు చూశాడు. నేనేం చెప్పను? తల్లీ కొడుకూ ఆ దేవుణ్ణి చెరో వైపు పట్టుకుని లాగారు. పడవను ఒడ్డుకు తెచ్చింది ఏ మాటో ఆయనకే తెలియాలి.

కాసేపటికి అత్త ముక్కు తుడుచుకుని లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఎంతకీ రాలేదు. కళ్ళు తిరిగి పడిపోయిందేమోనని నేను వెళ్ళాను. సాయంత్రపు ఎండ పసుపు రంగులో చేపల దండేల మీద వాలి ఉంది. ఆమె వెనక మెట్టు మీద కూర్చుని ఉంది. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి నడుం మీద. నాతో మాట్లాడుతుందేమో అనుకున్నాను. నాతో కాదు.

"వాడికి నీళ్ళు లేక మతి చెడింది తండ్రీ. తెలీక అన్నాడు. వాడన్న మాట పట్టించుకోబాక. అది చెల్లదు. వాడి సంగతి ఏదన్నా ఉంటే నన్నడుగు."

మొగుడు లోపల అన్నం తింటున్నాడు, పళ్ళెం చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా ఆమె ఇంకా అడుగుతోంది. కొడుకు అన్న ఆ ఒక్క మాట అక్కడెక్కడో సముద్రం మీద ఇంకా నిలిచే ఉందని, ఏనాటికైనా దేవుడు దాన్ని తీసి చూపిస్తాడని ఆమె భయం. వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాను.

"నన్ను కూడా అడుగు" అన్నాను, నేనూ ఆయనతోనే.

అత్త తిరిగి చూడలేదు. కొంచెం పక్కకు జరిగి, మెట్టు మీద నాకు చోటిచ్చింది.